నీళ్ళ మీద ఆగిపోయిన కథ

అనగనగనగా, గోదారి రెండు పాయలుగా చీలిపోయే చోట, చుట్టూ నీళ్ళే ఉన్న ఒక లంక ఊళ్ళో, ఒక చిన్న చర్చి ఉండేది. దగ్గరికి జరుగు తల్లీ. దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఇది కాస్త భయం కథ. నేనున్నాగా, విను.

ఆ చర్చికి తాటాకు కప్పు. గంట కొనే స్తోమత లేక, రైలు పట్టా ముక్కని చూరుకి వేలాడదీసి దాన్నే మోగించేవాళ్ళు. ఆదివారం ఆరాధన అయిపోయాక పెద్దవాళ్ళు బయటికెళ్ళి కబుర్లు చెప్పుకునేవాళ్ళు. పిల్లలు మాత్రం లోపలే చాప మీద కూర్చునేవాళ్ళు. అప్పుడు తబితమ్మ మామ్మ వచ్చి వాళ్ళ మధ్యలో కూర్చుని, దేవుడి కథ ఒకటి చెప్పేది.

ఆ కథలన్నీ మామ్మ వాళ్ళ అమ్మమ్మ దగ్గర వింది. ఆవిడ వాళ్ళ అమ్మమ్మ దగ్గర వింది. అలా ఒడిలోంచి ఒడిలోకి దిగుతూ వచ్చిన కథలవి.

ఆ చర్చిలో ఒక పద్ధతి ఉండేది. కథ అయిపోగానే మామ్మ కుడిచెయ్యి చాపేది. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ చేతిని గట్టిగా పట్టుకుని వదిలేవాళ్ళు. చెయ్యి పట్టుకుంటేనే కథ అందినట్టు. చెయ్యి చాపకుండా మామ్మ ఏ కథనీ ముగించలేదు. చెయ్యి పట్టుకోకుండా ఏ పిల్లా చాప మీంచి లేవలేదు. అది పిల్లలకి ఎంత అలవాటైపోయిందంటే, కానుకల సంచీ పట్టే పెద్దాయన చెయ్యి చాపినా సరే, కానుక వెయ్యడం మానేసి ఆయన చెయ్యి పట్టేసుకునేవాళ్ళు.

ఆ తర్వాత ఒక ఏడాది, వానలు మొదలయ్యే ముందు, తబితమ్మ మామ్మ కాళ్ళు వాచి మంచం పట్టింది. కథలు ఎవరు చెప్పాలి? మామ్మకి కెజియా అని ఒక మనవరాలు. జడలు వేసుకునే వయసు. చురుకైన పిల్ల. ఒకరు చెప్పేదాకా ఆగే రకం కాదు. నేను చెబుతా అని తనే ముందుకొచ్చింది.

అప్పుడు మామ్మ మంచంలోంచే మూడు మాటలు చెప్పింది. పిల్లల కన్నా ఎత్తున కూర్చోవద్దంది. కథలో లేనిది కలపొద్దంది. చెయ్యి చాపకుండా కథ ఆపొద్దంది. కెజియా మూడింటికీ తలూపింది.

కానీ చాప మీద పిల్లలు ఎక్కడున్నారు? లంకలో పడవల కాంట్రాక్టరు గారు బ్యాటరీతో నడిచే టీవీ తెచ్చారు. ఆదివారం పొద్దున అందులో ఒక సీరియలు వచ్చేది. పిల్లలంతా అటు పరుగు. చర్చిలో చంటిపిల్లలు, ఇంకా ఈగలు.

కెజియా ఒకనాడు తనూ వెళ్ళి ఆ సీరియలు చూసింది. అది సరిగ్గా భయమేసే చోట ఆగిపోయింది. కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. ఆ వారమంతా ఊరు ఆ కత్తి గురించే మాట్లాడుకుంది. ఓహో, ఇదా కిటుకు, అనుకుంది కెజియా.

మొదటి ఆదివారం దానియేలు కథ చెప్పింది. దానియేలుని సింహాల గుంటలోకి దించారు. పైన రాయి దొర్లించారు. లోపల చీకటి. ఆ చీకట్లో సింహాలు ఒక్కొక్కటే కళ్ళు తెరిచాయి. అక్కడ ఆపేసింది. మిగతాది వచ్చే ఆదివారం అంది. చెయ్యి చాపలేదు.

ఆ కథ ఆ నోటా ఈ నోటా ఊళ్ళో పిల్లలందరికీ పాకింది. ఆ వారం వాళ్ళకి నిద్ర లేదు. ఒకడు పాకలో గేదె కళ్ళు మెరిస్తే చూసి జ్వరం తెచ్చుకున్నాడు. కానీ వచ్చే ఆదివారానికి చాప నిండింది.

రెండో ఆదివారం సింహాల కథ గబగబా ముగించి, యోనా కథ ఎత్తుకుంది. యోనాని సముద్రంలోకి విసిరేశారు. కొండంత చేప వచ్చి నోరు తెరిచింది. గుటుక్కుమంది. అక్కడ ఆపేసింది.

ఆ వారం పిల్లలు చేపల కూర ముట్టలేదు. లోపల ఎవరైనా ఉన్నారేమో అని వాళ్ళ బెంగ. లంకలో చేప తినకపోతే ఇంకేం తింటారు? తల్లులు తబితమ్మ మామ్మ దగ్గరికొచ్చి మొరపెట్టుకున్నారు. కానీ ఆ వచ్చే ఆదివారానికి ఒక చాప చాలక ఇంకో చాప పరిచారు. పాస్టరుగారు కెజియాని మెచ్చుకున్నారు.

మామ్మ మాత్రం కెజియాని పిలిచి మంచం పట్టె మీద కూర్చోబెట్టుకుంది.

"కథని గుంటలో వదిలేస్తే, విన్న పిల్లలూ ఆ గుంటలోనే ఉండిపోతారే," అంది.

"భయమేస్తేనే కదా మామ్మా, మళ్ళీ వస్తారు."

"నీ దగ్గరికి రావడం కాదే పిచ్చిదానా. ఒడ్డుకి రావాలి."

కెజియాకి ఆ మాట ఎక్కలేదు. ముసలావిడ చాదస్తం అనుకుంది.

మూడో ఆదివారం వచ్చింది. అప్పటికి పైన ఎక్కడో వానలు పడి గోదారికి ఎర్రనీరు వచ్చేసింది. మేఘాలు తాటిచెట్ల మీదికి దిగాయి. గాలికి రైలు పట్టా ముక్క దానంతటదే మోగుతోంది. ఎవరూ కొట్టకుండా గంట మోగితే ఎలా ఉంటుందో ఊహించుకో. అలా ఉంది ఆ రోజు.

కెజియా చేప కథ ముగించి పేతురు కథ ఎత్తుకుంది. సముద్రం మీద తుఫాను. శిష్యుల పడవ ఊగిపోతోంది. అప్పుడు ప్రభువు నీళ్ళ మీద నడుస్తూ వస్తున్నాడు. పేతురు ఆయన్ని చూశాడు. నేనూ వస్తానన్నాడు. రమ్మన్నాడు ప్రభువు. పేతురు పడవలోంచి ఒక కాలు బయట పెట్టాడు. మునగలేదు. రెండో కాలు పెట్టాడు. మునగలేదు. నీళ్ళ మీద నడిచాడు.

అక్కడ ఆపేసింది.

చాప మీద ముందు వరసలో ఫీబే కూర్చుంది. నీకన్నా చిన్న పిల్ల. పడవ నడిపే ఏసేబు కూతురు. అది కెజియా పావడా పట్టుకుని, "నేను కూడా నడవచ్చా అక్కా?" అని అడిగింది.

కెజియా దాని బుగ్గ గిల్లి, వచ్చే ఆదివారం చెబుతాలే అని వెళ్ళిపోయింది.

ఆ రోజు పొద్దున్నే ఏసేబు పడవేసుకుని అవతలి ఒడ్డుకి వెళ్ళాడు. తబితమ్మ మామ్మకి మందులు తేవాలి. మధ్యాహ్నానికి రావాల్సినవాడు సాయంత్రం అవుతున్నా రాలేదు. గాలి పెరిగింది. నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. ఫీబే వాళ్ళమ్మ రేవులో నిలబడి ఏటి వంకే చూస్తోంది. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆమె పక్కన చేరి ప్రార్థన చేస్తున్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. అప్పుడే ఫీబే, తను పట్టుకున్న అమ్మ కొంగు వదిలేసి జారుకుంది.

ఆ రేవుకి దిగువన రాళ్ళ కట్ట ఒకటి ఉండేది. లంక కోసుకుపోకుండా ఏటిలోకి పొడుగ్గా కట్టింది. ఆ రోజు వరదకి అది మునిగింది. పైన చీలమండ దాకా నీళ్ళు. చూసేవాళ్ళకి రాయి కనపడదు, ఒట్టి నీళ్ళే. కట్టకి రెండు పక్కలా లోతు. కట్ట చివర సుడిగుండం. అక్కడ పడిన తాటిదుంగ కూడా మళ్ళీ తేలదనేవాళ్ళు.

కెజియా మేకని విప్పుకురావడానికి దిగువకి వచ్చింది. వచ్చి ఏటి వైపు చూసింది. చూసి నిలబడిపోయింది.

ఫీబే నీళ్ళ మీద నడుస్తోంది.

గౌను పైకెత్తి పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ, వాళ్ళ నాన్న వచ్చే వైపుకి నడుస్తోంది. దానికి రాళ్ళ సంగతి తెలీదు. తను పేతురులాగా నడుస్తున్నాననే అనుకుంటోంది.

కెజియా ఒక్క ఉదుటున కట్ట మొదటికి పరిగెత్తింది. రేవులో వాళ్ళని పిలవబోయింది, గాలికి గొంతు అటు వెళ్ళలేదు. అప్పుడు ఫీబేని పిలిచింది. వెనక్కి వచ్చెయ్యమంది.

ఫీబే వెనక్కి తిరిగి నవ్వింది. "పేతురు వెనక్కి రాలేదుగా అక్కా," అంది.

కెజియా రెండోసారి పిలిచింది. మునిగిపోతావే అంది.

"నువ్వు ఆ మాట చెప్పలేదుగా," అంది ఫీబే. ఇంకో అడుగు ముందుకేసింది.

ఏంటమ్మా? భయమేస్తోందా? ఇక్కడ ఆపెయ్యమంటావా? ఇక్కడ ఆపకూడదు తల్లీ. ఇక్కడ ఆపితే ఫీబే తెల్లవార్లూ ఆ రాళ్ళ మీదే ఉండిపోతుంది. ఇంకాస్త దగ్గరికి రా.

కెజియా కట్ట మీదికి దిగింది. రాళ్ళు నాచు పట్టి జారుతున్నాయి. నీళ్ళు కాళ్ళని పక్కకి లాగుతున్నాయి. పరిగెత్తితే పిల్ల ఆటనుకుని తనూ పరిగెడుతుంది. గట్టిగా అరిస్తే బెదిరి పక్కకి పడుతుంది. ఇంకేం చెయ్యాలి? అప్పుడు మూడోసారి పిలిచింది. గొంతు వణకకుండా, చాప మీద కూర్చుని చెప్పినట్టే పిలిచింది.

"ఫీబే, కథ అయిపోలేదు. మిగతాది విను."

ఫీబే ఆగింది. కథ అంటే ఆగే పిల్ల అది.

కెజియా ఒక అడుగు వేసి ఒక మాట చెప్పింది. పేతురు నడిచాడు. ఇంకో అడుగు వేసింది. పేతురు పక్కకి చూశాడు. గాలిని చూశాడు, అలల్ని చూశాడు. ఇంకో అడుగు. అప్పుడు పేతురుకి భయమేసింది.

ఫీబే కూడా పక్కకి చూసింది. ఎర్రటి నీళ్ళు గుడగుడమంటున్నాయి. ఒడ్డు ఎంతో దూరంలో ఉంది. గౌను చేతుల్లోంచి జారిపోయింది. అంతదాకా లేని భయం ఒక్కసారే వచ్చేసింది.

"తర్వాత?" అంది ఏడుపు గొంతుతో.

"మునిగిపోతూ కేక వేశాడు. ప్రభువా, కాపాడు అన్నాడు. అప్పుడు..."

అప్పుడే ఒక పెద్ద అల కట్ట మీదికి ఎక్కింది. ఫీబే కాలు జారింది. కెజియాకి ఇంక మాట రాలేదు. ఒక చేత్తో రాయి పట్టుకుని వంగి, రెండో చెయ్యి చాపింది. అంతే చెయ్యగలిగింది.

ఆ పిల్లకి ఈత రాదు. ఏ రాయి పట్టుకోవాలో తెలీదు. కానీ చాపిన చెయ్యి కనపడితే ఏం చెయ్యాలో దానికి పాకే వయసు నుంచీ తెలుసు. నీళ్ళలోంచి చిన్న చెయ్యి లేచింది. చాపిన చేతిని గట్టిగా పట్టుకుంది.

ఆ తర్వాత ఇద్దరూ ఆ కట్టనే కరుచుకుని ఉన్నారు. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. వెనక్కి నడిచే దారి లేదు. కెజియా పళ్ళు టకటకలాడుతున్నా ఫీబే చెవిలో మిగతా కథ చెబుతూనే ఉంది. ప్రభువు వెంటనే చెయ్యి చాపాడు. పేతురుని పట్టుకున్నాడు. ఇద్దరూ పడవెక్కారు.

ఆ మాట దగ్గరే పడవ వచ్చింది. ఏసేబుది. గాలికి రేవు తప్పి కొట్టుకొస్తున్నవాడు, రాళ్ళ మీద ఏదో తెల్లగా కనపడితే గడ వేసి ఇటు తిప్పాడు. దగ్గరికొచ్చాక అది తన కూతురి గౌను అని తెలిసింది. ఇద్దరినీ పడవలోకి లాక్కున్నాడు.

పేతురు పడవెక్కగానే గాలి ఆగిపోయింది. వీళ్ళు ఎక్కితే ఆగలేదమ్మా. ఆ రాత్రంతా వీచింది. అయినా పడవ రేవు చేరింది. ఫీబేని వాళ్ళమ్మ చేతిలో పెట్టారు. ఆవిడ ముద్దు పెట్టుకుంది, వీపు మీద ఒక్కటిచ్చింది, మళ్ళీ ముద్దు పెట్టుకుంది.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కెజియా పీల్చుకోలేదు. ఆ పొద్దున రెండు చాపల నిండా పిల్లలున్నారు కదా. వాళ్ళందరి దగ్గరా కథ ఇంకా సగమే ఉంది. వాళ్ళందరి ఇళ్ళూ ఏటి పక్కనే ఉన్నాయి.

అప్పుడు కెజియా తడిబట్టలతోనే పరిగెత్తింది. ప్రతి ఇంటి తలుపూ తట్టింది. టీవీ ఉన్న కాంట్రాక్టరు గారి తలుపు కూడా తట్టింది. పేతురు మునిగాడని చెప్పింది. కేక వేశాడని చెప్పింది. ప్రభువు పట్టుకున్నాడని చెప్పింది. చెప్పి చెయ్యి చాపింది. ఒక్కొక్క పిల్ల వచ్చి పట్టుకున్నాకే ఇంకో ఇంటికి వెళ్ళింది.

చివరికి తబితమ్మ మామ్మ మంచం దగ్గరికి వచ్చి నేల మీద కూలబడింది. జరిగిందంతా అప్పటికే మామ్మకి ఎవరో చెప్పారు. తిట్టలేదు. ఎందుకే అని అడగలేదు. ముసలి చెయ్యి ఒకటి మంచం మీంచి కిందికి దిగింది. కెజియా దాన్ని రెండు చేతులతో పట్టుకుని, అప్పుడు ఏడ్చింది.

ఆ తర్వాత ఆ లంకలో ఏ కథా మళ్ళీ నీళ్ళ మీద ఆగలేదు. ఎంత వాన కురిసినా, ఎంత నిద్ర వచ్చినా, చెయ్యి అందాకే దీపం ఆర్పేవాళ్ళు.

ఏదీ, నీ చెయ్యి? ఇటివ్వు. గట్టిగా. ఆ, అలా.

కథ కంచి చేరింది,
పడవ రేవు చేరింది,
చెయ్యి చేతిని చేరింది,
నిద్ర కంటిని చేరింది.