పలకని బామ్మర్ది

నిరంజనస్వామి శిష్యుల ప్రశ్నలకు కూర్చున్నచోట జవాబు చెప్పేవారు కారు. ప్రశ్న చిన్నదైతే నవ్వి ఊరుకునేవారు, పెద్దదైతే చేతికర్ర అందుకునేవారు. నల్లమల అంచున ఉన్న ఆ ఆశ్రమంలో స్వామి కర్ర పట్టారంటే ఎవరికో కాళ్లనొప్పులు తప్పవని శిష్యులు వేళాకోళమాడుకునేవారు.

ఒకనాటి ఉదయం ఆ కాళ్లనొప్పులు నరహరి వంతుకు వచ్చాయి. ఆశ్రమానికి వచ్చిన కొత్తలో భజన మొదలైతే చాలు, నరహరి కళ్లు ధారలు కట్టేవి. పిలిస్తే పలికే దేవుడు పక్కనే కూర్చున్నట్టుండేది. కొన్ని నెలలుగా అదేమీ లేదు. పక్కవాళ్లు తన్మయులై ఏడుస్తుంటే ఇతను పొడికళ్లను ఉత్తరీయంతో తుడుచుకుంటూ, ఎవరైనా కనిపెట్టారేమోనని బిక్కుబిక్కుమంటూ కూర్చునేవాడు. దొంగ ఏడుపు ఏడవడం కన్నా ఇంటిదారి పట్టడమే మర్యాద అనుకుని మూట కూడా కట్టుకున్నాడు. అయినా అడక్కుండా వెళ్లలేకపోయాడు.

"స్వామీ, నాకిప్పుడు భయం తప్ప మరేమీ కలగడం లేదు. దేవుడు నన్ను వదిలేశాడా?"

స్వామి కర్ర అందుకున్నారు.

ఎండ ముదరకముందే ఇద్దరూ ఒక పెద్ద కొండచరియ మీదికి చేరారు. అక్కడ చెంచులు తేనెకు దిగుతున్నారు. చరియకు కింద, మనిషి కాలు మోపలేని చోట తేనెపట్లు వేలాడుతున్నాయి. గురవయ్య అనే అతను తీగలతో పేనిన మోకు నడుముకు కట్టుకుని, అంచు దాటి లోయలోకి దిగిపోయాడు. పైన ఆ మోకును చెట్టుమొదలుకు ఒక చుట్టు తిప్పి, కొసను రెండు చేతులా పట్టి కొంచెం కొంచెంగా వదులుతున్నవాడు ఈదన్న. అతను గురవయ్యకు బామ్మర్ది. ఆ పనికి తోడబుట్టినవాడు కూడా పనికిరాడట. అక్క బొట్టు చెరిపే పని ఏ తమ్ముడూ చేయడు కనుక మోకు బామ్మర్దే పట్టాలని వాళ్ల కట్టుబాటు. దిగినవాడికి పైనున్నవాడు కనపడడు. అందుకని బామ్మర్ది ఆపకుండా "ఓ బావో" అని కేకేస్తూ ఉండాలి, కింది నుంచి బావ పలుకుతూ ఉండాలి.

ఆ రోజు ఈదన్న నోరు విప్పలేదు.

గురవయ్య భార్య బయమ్మ చెబితే నరహరికి సంగతి తెలిసింది. ఎవరి పెళ్లిలోనో మాటా మాటా పెరిగి, గురవయ్య పదిమందిలో మామను, అంటే ఈదన్న తండ్రిని, తూలనాడాడు. ఆనాటి నుంచి బావాబామ్మర్దులకు మాటల్లేవు. మోకు పట్టడానికి రమ్మంటే వచ్చాడు గానీ ఈదన్న బావ మొహం చూడలేదు.

"పిలువురా తమ్మా! కింద మీ బావ బెదిరిపోతాడు. ఒక్క కూత కూయిరా!" అని బయమ్మ బతిమాలింది. ఈదన్న పళ్లు బిగించి మోకు వదులుతూనే ఉన్నాడు.

పట్టును ఖాళీ చేయించడానికి గురవయ్య పెట్టిన పొగ లోయలోంచి లేచింది. పొగ వెంట తేనెటీగలు లేచాయి. "ఓ ఈదా!" అని గురవయ్య పిలిచాడు. జవాబు లేదు. మళ్లీ పిలిచాడు, ఈసారి గొంతులో వణుకుంది. ఆ పిలుపు తనదే అయినట్టు, ఆ జవాబు రాకపోవడం తనకే జరిగినట్టు నరహరికి అనిపించింది. ఇక ఆగలేక, తనే కేకేద్దామని అంచు దగ్గరికి పరుగెత్తాడు. బయమ్మ చేయి పట్టి ఆపింది.

"పరాయి గొంతు వద్దు సామీ! మోకు చేతులు మారిందనుకుంటే మనిషి తడబడతాడు."

నరహరి స్వామి వైపు తిరిగి, "మీరొక్క మాట చెబితే వింటాడేమో" అన్నాడు. స్వామి బండ మీద కూర్చుని, "ఇప్పుడతని పని చెడగొట్టకు" అన్నారు.

ఈగలు ఈదన్న మొహం మీద వాలాయి. కంటి కింద కుట్టాయి, పెదవి మీద కుట్టాయి. తోలుకుందామంటే చేయి ఖాళీ లేదు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా మూలుగు కూడా బయటికి రానివ్వలేదు. అంత మొండిమనిషిని నరహరి ఎన్నడూ చూడలేదు. కాసేపటికి కింద పిలుపులు కూడా ఆగిపోయాయి. అది మరీ భయమనిపించింది. బయమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నరహరి మోకు వైపే చూస్తూ ఉండిపోయాడు.

ఎంతసేపటికో మోకు గట్టిగా కదిలింది. గురవయ్య ఎగబాకుతుంటే ఈదన్న బిగిస్తూ వచ్చాడు. మొదట తేనెబుట్ట కనిపించింది, తర్వాత మనిషి. బావ రెండు కాళ్లూ నేలమీద పెట్టేదాకా చూసి ఈదన్న మోకు వదిలాడు. వాచిన మొహంతో, ఒక్క మాట లేకుండా, వాగువైపు వెళ్లిపోయాడు. బయమ్మ అప్పుడు భోరుమంది.

నరహరి గురవయ్య దగ్గరికి వెళ్లాడు.

"అతను పలక్కపోతే నీకు భయం వేయలేదా?"

"ఎందుకెయ్యదు సామీ? కాళ్లు ఇంకా వణుకుతుండాయి చూడు."

"మరి, నిన్ను వదిలేశాడేమోనని అనిపించలేదా?"

గురవయ్య అతని వైపు వింతగా చూశాడు. "ఇడిస్తే పడిపోదును గదా!" అన్నాడు.

తిరుగుదారిలో స్వామి కర్రతో ముళ్లకంపలు పక్కకు తోస్తూ ముందు నడిచారు. ఏదైనా వివరిస్తారేమోనని నరహరి చాలాసేపు చూశాడు. చివరికి తనే నోరు తెరిచాడు.

"స్వామీ, నాకింకా భయంగానే ఉంది. దేవుడేమో పలకడం లేదు."

"ఉండనీ నాయనా" అన్నారు స్వామి, వెనక్కి తిరక్కుండానే. "పడలేదు కదా."