అర్జీ పెట్టుకున్న తండేలు

ఇంకా అయిదు వందల ఏళ్లకు మరాఠీ గడ్డ మీద వెలిసే ఒకానొక రాజ్యంలో రణధీరరావు అనే రాజు ఉండేవాడు. జరగబోయేదాన్ని జరిగినట్టు చెబుతున్నానని నవ్వకండి, కథ చెప్పేవాడికి ఆ మాత్రం స్వేచ్ఛ ఉండాలి.

ఆ రాజ్యంలో ఒక్కో సీమది ఒక్కో యాస. ఒకరి మాట ఒకరికి అర్థం కావడం లేదని ఆస్థాన పండితుడు వాచస్పతిశాస్త్రి పన్నెండేళ్లు కూర్చుని, రాజమరాఠీ అనే కొత్త ప్రమాణభాషకు గ్రంథం రాశాడు. రాజుగారు మురిసిపోయారు. అందులో లేని మాట పలకాలంటే శాస్త్రికి అర్జీ పెట్టుకోవాలనీ, అడక్కుండా పలికితే వాడి బతుకుతెరువు జప్తు చేస్తామనీ చాటింపు వేయించారు.

మొదట దొరికినవాడు కొంకణ తీరంలో పడవ నడిపే బాబ్లో తండేలు. రేవులో భార్యను తన యాసలో కేకేశాడట. నారళీ పున్నమి మర్నాడు అతని పడవ లాక్కుంటామన్నారు. ఆ పున్నమినాడు రాజు సముద్రానికి కొబ్బరికాయ సమర్పించాలి. ఆయన్ను తీసుకెళ్లే హక్కు బాబ్లో వంశానిది కాబట్టి అంతవరకు ఆగారు.

ఆస్థానంలో చంపాబాయి అనే మాటకారి ఉంది. ఆవిడదీ ఆ తీరమే. సంగతి విని ఆవిడకు ఒళ్లు మండింది. బాబ్లోను పిలిపించి, పండగనాడు రాజాజ్ఞను తుచ తప్పకుండా పాటించమని మాత్రం చెప్పింది.

పున్నమినాడు పొద్దున్నే రాజు, శాస్త్రి, చంపాబాయి పడవెక్కారు. కొంతదూరం పోయాక బాబ్లో పడవ ఆపేశాడు. ఎందుకు ఆపావని రాజు అడిగితే, చెప్పవలసిన మాటలు గ్రంథంలో లేవనీ, అర్జీ పెట్టుకుంటాననీ చేతులు కట్టుకున్నాడు. శాస్త్రి గ్రంథం తిరగేయబోయాడు గానీ, అలల ఊపుకు తట్టుకోలేక పడవ అంచు మీద వాలిపోయాడు. ముహూర్తం దాటిపోతోంది. ఒడ్డున జనమంతా చూస్తున్నారు.

"నీ మాటల్లోనే చెప్పవయ్యా," అన్నాడు రాజు విసిగిపోయి.

"ఆ నురగ సూడండి బాబూ. దాని కింద రాయుంది. నీరు ఎనక్కి తీస్తంది, తిన్నగా పోతే పడవ సీలిపోద్ది. ఇటు తిప్పితే లోతుంది, చిటికెలో ఎల్లిపోతాం."

"తిప్పు," అన్నాడు రాజు. ముహూర్తానికే కొబ్బరికాయ సముద్రంలో పడింది.

తిరిగి వస్తుంటే చంపాబాయి, బాబ్లో మాట ప్రభువులకు అర్థమైందా అని అడిగింది. ప్రతి ముక్కా అర్థమైందన్నాడు రాజు.

"మరి అర్థం కాదనే కదా ప్రభూ, అతని పడవ లాక్కుంటున్నారు? అది మా అమ్మలు నేర్పిన మరాఠీ. మాకు దాని మీద సిగ్గు లేదు, గర్వమే. రాసుకోవడానికి ఒక్క భాష పెట్టుకోండి, కాదనను. నోరు తెరవడానికి అర్జీ ఎందుకు?"

రాజు పడవ ఊగేటంత నవ్వాడు. అక్కడికక్కడే చాటింపు రద్దు చేసి, బాబ్లోకు మెడలో హారం తీసి ఇచ్చి, చంపాబాయికి తన శాలువా కప్పాడు. శాస్త్రిని మాత్రం ఏడాదిపాటు బాబ్లో పడవలోనే తిరిగి, గ్రంథంలో లేని మాటలన్నీ రాసుకురమ్మన్నాడు.

ఏడాది తర్వాత శాస్త్రి ఎండకు నల్లబడి, మూడు కొత్త సంపుటాలు మోసుకుంటూ సభకు వచ్చాడు.

"ప్రభూ, మన భాష నేననుకున్నదానికన్నా చాలా పెద్దది," అని తలెత్తి చెప్పాడు.