కుందేలు చెవి ఎత్తు దుమ్ము

ఎర్రకోన అడవిలో మనుబోతులు, అడవిపందులు, ఎలుగుబంట్లు, కుందేళ్ళు, కౌజుపిట్టలు ఉండేవి. అన్నిటికీ నీళ్ళంటే పాలవాగే. వాగుకు దారంటే ఎర్రబాటే.

ఆ బాట మీద ఒక కట్టుబాటు ఉండేది. ఎవరు నడిచినా కుందేలు చెవి కంటే ఎత్తుకు దుమ్ము లేవకూడదు. లేచిందంటే పరుగెత్తినట్టే లెక్క. అలా పరుగెత్తినవాళ్ళు ఆ పూట అందరి తర్వాతే నీళ్ళు తాగాలి.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. వాగు ఎండి చిన్న మడుగైంది. ముందు వెళ్ళినవాళ్ళకి తేట నీళ్ళు, వెనక వెళ్ళినవాళ్ళకి బురద. నీలయ్య అనే మనుబోతుకు తల్లిలేని దూడ ఒకటి ఉంది. దాని పేరు గోగి. బురదనీళ్ళు తాగలేక దాని డొక్కలు ఎండిపోయాయి.

నీలయ్య పంచాయితీ పెట్టించాడు.

"నా బుర్ర చిన్నదని నాకూ తెలుసు. ఇంత ఒంటికి ఇంత తల పెట్టుకుని తెలివి గురించి మాట్లాడితే మీరే నవ్వుతారు. కానీ కాళ్ళు పొడుగు కదా, వాటి మాట కాస్త వినండి. చెవి ఎత్తు చాలదు. నా వీపు ఎత్తు దాకా దుమ్ము లేవనివ్వండి."

అందరూ నవ్వారు. నవ్వించినవాడి మాట కాదనడం కష్టం.

బాట పక్క పొదలో కాపురముండే కౌజమ్మ మాత్రం నవ్వలేదు. "అంత దుమ్ములో మా పిల్లలు ఎవరికి కనపడతారు నీలయ్యా?"

"పక్కకి తప్పుకోమని చెప్పమ్మా."

"పక్కంటే ఏంటో తెలిసే వయసా వాళ్ళది?"

"కాళ్ళు పొట్టి కదా, ఆలోచనా పొట్టిగానే ఉంటుంది," అని అడవిపంది వెక్కిరించాడు.

ఎలుగు పెద్దయ్య కునుకుతూ తల ఊపాడు. అదే తీర్పయింది.

ఆ సాయంత్రమే కౌజమ్మ తన ఏడుగురు పిల్లల్నీ తీసుకుని, చుట్టూ తిరిగి పోవాల్సిన రాళ్ళ దారి పట్టింది.

తెల్లారింది. "నా గిట్టల చప్పుడు వింటూ వెనకే వచ్చెయ్ తల్లీ," అని గోగికి చెప్పి నీలయ్య పరుగందుకున్నాడు. కానీ ఆ రోజు బాట నిండా గిట్టల చప్పుళ్ళే.

మడుగు దగ్గరికి నీలయ్యే ముందు చేరాడు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. తను తాగలేదు. కాళ్ళు చాపి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగండాగండి. మా గోగి వస్తోంది. అది తాగాక మీ ఇష్టం. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మొదట వచ్చాను, కాస్త అనుభవించనివ్వండి."

మళ్ళీ అందరూ నవ్వారు. ఒక్కొక్కరే వచ్చారు. గోగి రాలేదు.

అందరికంటే చివర అడవిపంది తల దించుకుని వచ్చాడు.

"అన్నా... దుమ్ములో ఏమీ కనపడలేదన్నా. మట్టిగడ్డ తగిలిందనుకున్నా. ఆగి చూస్తే... గోగి."

నీలయ్య వంగి, నోటినిండా తేట నీళ్ళు పట్టుకుని వెనక్కి నడిచాడు. నోట్లో నీళ్ళున్నాయి కాబట్టి దారంతా కూతుర్ని పేరు పెట్టి పిలవలేకపోయాడు.

రాళ్ళ దారి వచ్చి కలిసే మలుపు దగ్గర గోగి పడి ఉంది. కౌజమ్మ దాని ముఖం మీద ఎండ పడకుండా రెక్క అడ్డం పెట్టింది. పిల్లలు ఏడుగురూ రాళ్ళ మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు.

"ఇందాకటిదాకా నీ కోసమే అడిగింది నీలయ్యా," అంది కౌజమ్మ.

నీలయ్య ఆ నీళ్ళు గోగి పెదవుల మీద పోశాడు. అవి లోపలికి పోలేదు. పక్కకి జారి ఎర్రమట్టిలో ఇంకిపోయాయి.

నీతి: దారిలో ఎంత వేగం ఉండాలో పొడుగు కాళ్ళను చూసి కాదు, ఆ దారిన నడిచే పసికాళ్ళను చూసి నిర్ణయించుకోవాలి.