ట్రిప్పవని బ్రేకరు

అనగనగా ఒక షాపింగ్ కాంప్లెక్సు, దానికి మహారాజు పానకాలరావు. లోడెక్కువై షాపుల్లో బ్రేకరు మాటిమాటికీ ట్రిప్పవుతోందంటే, సన్న వైర్లు మార్చడానికి చెయ్యి రాని ఆ పిసినారి, పెద్ద బ్రేకర్లు బిగించాడు. ఇప్పుడు వైర్లు కమురు వాసన కొడుతున్నా బ్రేకరు ట్రిప్పవదు.

తనిఖీకొచ్చిన ఫైరాఫీసరుకు కాఫీ ఇప్పించి, "మా బ్రేకర్లు చచ్చినా ట్రిప్పవవు సార్!" అని మీసం తిప్పాడు. వైర్లు కాలుతున్నాయని షాపులవాళ్లు మొత్తుకున్నా, కాఫీ రుచికి ఆఫీసరు తలూపాడు.

కుట్టుమిషను మస్తానమ్మకు ఒళ్లు మండింది. అయినా వినయంగా, "అయ్యగారూ, పాపం తమ గదిలో ఇంకా పాత చిన్నదే ఉందిగా. మా షాపు బ్రేకరు తీసి అక్కడ పెట్టించండి. వైరు రెండుచోట్లా ఒకటేగా!" అంది.

"మతి పోయిందా? నా గది తగలబడితే?" అని అరిచాడు పానకాలరావు.

మస్తానమ్మ ఆఫీసరు వైపు తిరిగింది.

"మేం చెబితే నమ్మలేదుగా సారూ. ఇప్పుడు ఓనరుగారే చెప్పారు, రాసుకోండి."