సుంకరి చెంబు

ఒక ఊరికీ దాని అవతలి ఊరికీ మధ్య ఏరుంది. ఏరు దాటాలంటే పడవెక్కాలి. పడవెక్కాలంటే రేవు మెట్ల మీద కూచునే సుంకరికి నాణెం ఇవ్వాలి. తాతల కాలం నుంచీ అదే పద్ధతి.

సుంకరి మంచివాడు. ఊళ్ళో ఎవర్నడిగినా ఆ మాటే చెబుతారు. ఆయన్నే అడిగితే ఇంకాస్త ముందుగా చెబుతాడు. ఊరివాళ్ళు నాణెం తెచ్చి ఆయన అరచేతిలో పెట్టేవాళ్ళు. ఆయన చిల్లర వాళ్ళ అరచేతిలో పెట్టి, "మీ మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మాయి దగ్గర్నుంచి కబురొచ్చిందా?" అని పలకరించేవాడు. ఆ పలకరింపు లేకపోతే ఏరు దాటినట్టే ఉండదని అందరూ అనుకునేవాళ్ళు.

ఏటి వాలున ఉన్న పల్లెవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు నాణెం చేతికివ్వకూడదు. పక్కనున్న నాపరాయి మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడాలి. సుంకరి తాతల నాటి ఇత్తడి చెంబు వంచి, నాణెం మీద నీళ్ళు పోసి, అప్పుడు తీసుకునేవాడు. పోసేటప్పుడు కూడా వాళ్ళ కాళ్ళ మీద చిందకుండా మెల్లగా పోసేవాడు. అది తన మర్యాద అని ఆయన నమ్మకం. నాణేన్నే కడుగుతున్నాను గానీ మనుషుల్ని ఏమీ అనడం లేదు కదా అనుకునేవాడు.

పల్లె నుంచి రోజూ దాటేవాళ్ళలో బుట్టలల్లే ఒకావిడ ఉంది. తలమీద వెదురు బుట్టలు దొంతరగా పెట్టుకుని అవతలి ఊరి సంతకు వెళ్ళేది. వంగి నాణెం పెట్టినా దొంతర ఒరిగేది కాదు. అన్నేళ్ళలో ఆవిడ మోకాలి నొప్పి సంగతి ఎవరూ అడగలేదు.

రాజుగారికి ఓపిక తక్కువ. ఒకనాడు రేవులో జనం బారులు తీరి నిలబడటం చూసి, ఇదేం గోల అని విసుక్కుని, శిల్పిని పిలిపించి రెండు ఒడ్డుల మీదా రెండు రాతి ద్వారాలు కట్టించాడు. ఒక్కో ద్వారం నుదుట ఒక స్ఫటికపు కన్ను. జనం నెల మొదట్లో కచేరీలో సుంకం కట్టేసి, రాగి బిళ్ళ ఒకటి తెచ్చుకుని మెళ్ళో వేసుకోవాలి. ద్వారం ముందు నిలబడితే కన్ను బిళ్ళను చూస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. ఎక్కేటప్పుడు ఈ ఒడ్డున ఒకసారి, దిగేటప్పుడు ఆ ఒడ్డున ఒకసారి. చెయ్యి చాపనక్కర్లేదు, దేన్నీ తాకనక్కర్లేదు.

"మరి నడక రాని పిల్లల్ని తెచ్చే తల్లుల మాటేమిటి? గుడ్డివాళ్ళను నడిపించుకొచ్చేవాళ్ళ మాటేమిటి?" అని అడిగింది రాణి.

శిల్పి కాసేపు ఆలోచించి, ద్వారం దగ్గరికెళ్ళి రాతి చెవిలో ఒక మాట చెప్పి వచ్చాడు. ఆ మాటే మర్నాడు దండోరా వేశారు. ఒక బిళ్ళకు ఒక్క మనిషి. చెయ్యీ చెయ్యీ పట్టుకున్నవాళ్ళు ఒక్క మనిషే.

సుంకరికి రాజుగారు నెలకింత అని బియ్యం ఇప్పించి ఇంటికి పంపేశాడు. ఆయన మొహం మాడ్చుకుని అరుగు మీద కూచున్నాడు. "రాయికి మనిషి తెలుస్తాడా?" అని దారినపోయేవాళ్ళనల్లా నిలేసి అడిగేవాడు. ఊరివాళ్ళు కూడా, "నిజమేనండీ, ఇదివరకు మనిషి చెయ్యి మనిషికి తగిలేది. ఇప్పుడా ముచ్చటే లేదు," అని నిట్టూర్చేవాళ్ళు. ఆ మాట విని బుట్టలావిడ పకపకా నవ్వింది. "ఎవరి చెయ్యి ఎవరికి తగిలిందమ్మా?" అంది. వర్తకుడికి ఎంతసేపట్లో తెరుచుకునేదో ఆ తలుపు ఆవిడకూ అంతసేపట్లోనే తెరుచుకునేది. మొదటిరోజు పనేమీ లేకపోయినా ఆవిడ రెండుసార్లు అటూ ఇటూ దాటింది.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం పడవవాడు పరుగెత్తుకుంటూ సుంకరి ఇంటికొచ్చాడు.

"మీ అమ్మాయికి నొప్పులొచ్చినాయి బాబూ. నిన్నట్నుంచీ పడుతోందట. మంత్రసాని పెదవి విరుస్తోంది. 'నాన్న వచ్చాడా, నాన్న వచ్చాడా' అని ఒకటే కలవరింతట."

సుంకరికి ఉన్నది ఒక్కగానొక్క కూతురు, అవతలి ఊళ్ళో కాపురం. తల్లి పోయింది గనక పురిటికి పుట్టింటికి రాలేదు. పోయిన కానుపులో బిడ్డ దక్కలేదు. అప్పుడు కూతురు గోడకేసి తిరిగి పడుకుంటే, పక్కన కూచుని జుట్టు నిమిరింది తండ్రే. ఆయన గబగబా భార్య పాత చీర ఒకటి మూటగట్టి, అలవాటుగా చెంబులో నీళ్ళు నింపుకుని రేవుకు పరుగెత్తాడు.

ద్వారం ముందు నిలబడ్డాడు. తలుపు కదల్లేదు.

"నేనురా, సుంకర్ని!" అన్నాడు.

రాతి కన్ను చూస్తోంది గానీ గుర్తుపట్టలేదు. ఆయన మెళ్ళో బిళ్ళ ఏదీ? ఆ రేవులో పుట్టి పెరిగి, సుంకం పుచ్చుకోవడమే గానీ ఇవ్వడం ఎరగనివాడు. తనకూ ఒక బిళ్ళ కావాలన్న ఊహే ఆయనకు ఎప్పుడూ తట్టలేదు. కచేరీ మధ్యాహ్నానికే మూసేశారు, మళ్ళీ తెరిచేది రేపు పొద్దున్నే.

అంతలో బియ్యం వర్తకుడు వచ్చాడు. సుంకరికి ప్రాణం లేచొచ్చింది. "బాబ్బాబు, ఒక్కసారి నీ చెయ్యి పట్టుకోనివ్వు. అమ్మాయికి ప్రాణం మీదికొచ్చింది," అని బతిమాలాడు.

"అయ్యో, ఎంత మాట! కానీ చెయ్యి పట్టుకుంటే మా ఇంటి మనిషివని ద్వారం గుర్తుపెట్టుకుంటుందేమో. రేపు నీ సుంకం కూడా నా నెత్తినే పడితే?" అంటూ వర్తకుడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని దాటేశాడు. పడవ ఆయన్ను ఎక్కించుకుని వెళ్ళిపోయింది. సుంకరి ఆ పడవ వైపే చూస్తూ నిలబడ్డాడు. రోజూ ఆ చేతిలోనే కదా చిల్లర పెట్టాను అనుకున్నాడు.

పడవ తిరిగొచ్చేసరికి ఎండ మండిపోతోంది. రేవులో పిట్ట లేదు. అప్పుడొచ్చింది బుట్టలావిడ.

"ఏం బాబూ, ఎండలో నిలబడ్డారు?"

ఆయన చెప్పాడు. చెప్పడమైతే చెప్పాడు గానీ ఆవిడ మొహంకేసి చూడలేదు. ఆవిడ అంతా విని, దొంతర సర్దుకుని, చెయ్యి చాపింది.

"పట్టుకోండి మరి."

సుంకరి చెయ్యి లేవలేదు. "ఏమే, ఆ బుట్ట ఒక కొస నువ్వు పట్టుకో, ఇంకో కొస నేను పట్టుకుంటా," అన్నాడు. ఆవిడ సరేనని ఒక బుట్ట దించింది. చెరో కొసా పట్టుకుని నిలబడ్డారు. తలుపు కదల్లేదు.

"దానికి బుట్ట అక్కర్లేదంట బాబూ," అంది ఆవిడ.

ఆయన చెంబు చంకలో ఇరికించుకుని, కళ్ళు మూసుకుని, తన చిటికెన వేలు ఆవిడ చిటికెన వేలికి తగిలించాడు. తలుపు తెరుచుకుంది.

పడవ కదిలింది. సుంకరి ఒక చివర, ఆవిడ ఒక చివర. నడి ఏట్లో చల్లగాలి తగిలాక ఆయనకు ఊపిరాడింది. కూతురి మొహం కళ్ళముందు మెదిలింది, వస్తున్నానమ్మా అనుకున్నాడు. అనుకుంటూనే చెంబు వంచి, ఆ వేలి మీద నీళ్ళు పోసుకున్నాడు. ఒట్టు, ఆయన కావాలని చేసింది కాదు. ఆ చెయ్యి అలా కడుక్కోవడం ఎన్నో ఏళ్ళుగా నేర్చుకుంది, దాని పని అది చేసుకుపోయింది. చిందకుండా మెల్లగానే పోసుకున్నాడు. ఆవిడ చూసింది. చూసి, ఏటికేసి తిరిగి కూచుంది.

అవతలి ఒడ్డు వచ్చింది. ఇద్దర్నీ దించి, పడవవాడు పడవ తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఎదురుగా రెండో ద్వారం.

సుంకరి అక్కడే ఆగిపోయాడు. దిగేటప్పుడూ ఒక ద్వారం ఉంటుందని తెలియక కాదు. ఆ గాభరాలో గుర్తు లేదు. తన చేతికేసి చూసుకున్నాడు. చెయ్యి ఇంకా తడిగా ఉంది. ఆ తడి ఆరితే బావుణ్ణు, ఆవిడ చూసి ఉండకపోతే బావుణ్ణు అనుకున్నాడు. ఆయనకు సిగ్గేసింది. ఊళ్ళో అందరిముందూ తలపాగా ఊడిపడినా అంత సిగ్గు వేసుండేది కాదు.

ఆవిడ ద్వారం దాకా వెళ్ళింది. ఆగింది. బుట్టల దొంతర కింద పెట్టింది. మెళ్ళో బిళ్ళ తాడు తీసి, ద్వారం పక్కనున్న మెట్టు మీద జాగ్రత్తగా పెట్టింది. పెట్టి, ఎప్పట్లాగే వెనక్కి జరిగి నిలబడింది.

"తీసుకుని వెళ్ళండి బాబూ," అంది.

"అదేంటి?"

"నా చెయ్యిస్తే మళ్ళీ కడుక్కోవాలి మీరు. ఆలస్యమైపోద్ది. అక్కడ పిల్ల ఎదురుచూస్తా ఉంది."

"మరి నువ్వు?"

"పొద్దుగూకేలోపు ఎవరో ఒకరు రాకపోరు. ఈపూటకి సంత లేదనుకుంటా. నిలబడటం నాకు కొత్తా?"

ఆ గొంతులో ఎగతాళి లేదు. ఉండి ఉంటే సుంకరికి సుఖంగా ఉండేది, తనూ ఓ మాట అనేసి బిళ్ళ తీసుకుని పోయేవాడు. ఆవిడ నిజంగానే ఆయనకు ఆలస్యమవుతుందని అంటోంది. పైగా ఆయన సౌకర్యం ఏమిటో ఆయనకంటే ముందు కనిపెట్టి, ఆ ప్రకారమే వెనక్కి జరిగి నిలబడింది.

బిళ్ళ మెట్టు మీద ఉంది. చెంబులో ఇంకా సగం నీళ్ళున్నాయి. వంచితే సరి. ఒక్క ధార, ఒక్క బిళ్ళ, తలుపు తెరుచుకుంటుంది, నాలుగు వీధులవతల కూతురు. ఇన్నేళ్ళూ చేసిన పనే, ఇంకొక్కసారి. చెయ్యి చెంబును వంచబోయింది కూడా.

వంచబోయి ఆగిపోయింది. ఆ నీళ్ళు ఎవరి మీద పోస్తున్నానో ఆయనకు మొదటిసారి కనిపించింది.

సుంకరి చెంబు మెట్టు మీద పెట్టాడు. బిళ్ళ తీసుకున్నాడు. తీసుకుని మెళ్ళో వేసుకోలేదు. ఆవిడ దగ్గరికి నడిచాడు. ఆవిడ అలవాటు కొద్దీ ఇంకో అడుగు వెనక్కి వేసింది. ఆయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. బిళ్ళను అరచేతిలో పెట్టుకుని, ఆ చెయ్యి ఆవిడ ముందు చాపాడు. ఊరివాళ్ళకు చిల్లర ఇచ్చినట్టే చాపాడు.

"తీసుకో అమ్మా," అన్నాడు. "నా చెయ్యి తడిగా ఉంది. నువ్వే గట్టిగా పట్టుకోవాలి."

ఆవిడ వెంటనే తీసుకోలేదు. ఆ చేతికేసి చూసింది. ముసలి చెయ్యి. తన మాటకోసం ఆయన నిలబడి ఉన్నాడు, నాపరాయి దగ్గర తను ఎన్నోసార్లు నిలబడ్డట్టు. అంత తొందరలోనూ ఆయన ఆ కాసేపూ నిలబడ్డాడు, తొందర పెట్టలేదు.

"మీ అమ్మాయికి ఇది ఎన్నో కానుపు?" అని అడిగింది.

"రెండోది. మొదటి బిడ్డ దక్కలేదు." చెప్పి, కాస్త ఆగి, "నీకు పిల్లలా?" అన్నాడు.

"ఇద్దరు పుట్టారు. ఒకతే మిగిలింది," అంది ఆవిడ. ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన అడగడం అదే మొదలు. ఆవిడ దొంతర తలకెత్తుకుంది. బిళ్ళతో సహా ఆ చేతిని తన చేతిలోకి తీసుకుంది.

తలుపు తెరుచుకుంది.

"దాటేశాం బాబూ. ఇక వదిలెయ్యొచ్చు," అంది, నాలుగడుగులు వేశాక.

"ఊఁ," అన్నాడు సుంకరి. అన్నాడే గానీ వదల్లేదు. వీధి మొదట్లో బియ్యం వర్తకుడు ఎదురొచ్చి, ఆ చేతులకేసి చూసి, నోరు తెరిచి నిలబడిపోయాడు. పలకరించే తీరిక సుంకరికి లేదు. కూతురి ఇంటి గడప ముందుకొచ్చేసరికి లోపలినుంచి పసిబిడ్డ ఏడుపు వినబడింది. ఆ ఏడుపు వెనకే, నీరసంగా, "నాన్న వచ్చాడా?" అన్న గొంతు కూడా వినబడింది.

"వచ్చానమ్మా!" అని అరిచి, సుంకరి గడప మీదే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బుట్టలావిడ ఆయన చేతిలోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకుని, బిళ్ళ మెళ్ళో వేసుకుని, దొంతరలోంచి చిన్న బుట్ట ఒకటి తీసి గడప పక్కన పెట్టి, సంతకు వెళ్ళిపోయింది. ఆ బుట్టలోనే బిడ్డను పడుకోబెట్టారు.

చెంబు మాత్రం ఆ మెట్టు మీదే ఉండిపోయింది. వానొస్తే నిండుతుంది, ఎండకు ఆరిపోతుంది. ద్వారం దాన్ని రోజూ చూస్తూనే ఉంది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు గనక దాటనివ్వలేదు.