పగుళ్ళతో సహా ఇత్తడి రైలింజను

రైలు గేటు పక్కన ఇత్తడి పని చేసే సోమాచారికి తన బుర్రంటే మహా గౌరవం. "తమ్ముడూ, మన ఇద్దరి తెలివీ ఒకే ఇంట్లో ఉండడం ఊరికి అన్యాయంరా" అనేవాడు. "పక్కింటికి కొంచెం ఇచ్చొద్దామా అన్నయ్యా?" అనేవాడు వీరాచారి.

వీళ్ళ మేనమామ కనకాచారి ఒకప్పుడు బొగ్గింజను డ్రైవరు. రిటైరయ్యాక, తాను నడిపిన ఇంజను లాంటిదే మూరెడు బొమ్మ, నిజంగా ఆవిరితో నడిచేది, చేసుకుంటున్నాడు. చూపు తగ్గి, మిగిలిన పని మేనల్లుళ్ళకి అప్పజెప్పాడు.

"ఆదివారం పాత డ్రైవర్లంతా వస్తున్నార్రా. ఆ వేళకి ఇది నడిస్తే నా లేతు మిషను మీకే. నడవకపోతే పాత ఇనుముకి వేసేస్తా."

ఇత్తడిని గిర్రున తిప్పుతూ చెక్కే ఆ లేతు కోసం సోమాచారి పదేళ్ళుగా లొట్టలేస్తున్నాడు మరి!

మావయ్య ఒక పగిలిన చక్రం ఇచ్చి, "అచ్చం ఇలాంటివే ఆరు కావాలి. వెంట్రుకవాసి తేడా రాకూడదు" అన్నాడు. ఇంకేముంది! చక్రాలు ఒక్క పూటలో అయిపోయాయి. పగుళ్ళకే నాలుగు రోజులు పట్టింది. ఆరింటికీ అదే చోట, అదే వంకర.

"ఒరేయ్, పగులెందుకు పెట్టార్రా?"

"పెట్టకపోతే వెంట్రుకవాసి తేడా వచ్చేది మావయ్యా!"

మావయ్య తల పట్టుకుని, ఈసారి కాగితం మీద పొగగొట్టం గీసి, కొలతలు వేసి ఇచ్చాడు. "గీసింది గీసినట్టు రావాలి." వచ్చింది. కొలతల పక్కనున్న బాణాలు కూడా రాగితీగతో చేసి అతికించారు. కాగితం మీది టీ గ్లాసు మరకనీ వదల్లేదు, దానికో రింగు చుట్టారు.

శనివారం మావయ్య విసిగిపోయాడు. "ఆ బాణాలు పీకండి. పగుళ్ళు పూడ్చండి. బాయిలరుకి ఎక్కడా ఒక్క కన్నం మిగలకూడదు, ఆవిరి పోతుంది."

అంతే! అన్నదమ్ములు సీసం కరిగించి కూర్చున్నారు. కనిపించిన కన్నమల్లా మూశారు. ఈల కన్నం మూశారు. నీళ్ళు పోసే కన్నమూ మూశారు.

ఆదివారం పాత డ్రైవర్లు కళ్ళజోళ్ళు తుడుచుకుని చుట్టూ కూర్చున్నారు. సోమాచారి నీళ్ళ చెంబు పట్టుకుని ఇంజను చుట్టూ మూడుసార్లు తిరిగాడు. పొయ్యడానికి చోటేదీ? లేతు కళ్ళముందే పాత ఇనుములోకి నడిచి వెళ్ళిపోతున్నట్టనిపించింది.

"అన్నయ్యా, నీళ్ళు ఇంజన్లోకి వెళ్ళకపోతే ఇంజన్నే నీళ్ళలోకి పంపిద్దాం" అన్నాడు వీరాచారి.

"ఇది నాకెందుకు తట్టలేదురా! మొద్దుబారిపోయాను" అని సోమాచారి తన నెత్తిన తానే మొట్టుకున్నాడు.

అన్నం గుండిగలో నీళ్ళు పోసి, ఇంజన్ని ముంచి, మూతపెట్టి పొయ్యెక్కించారు. కాసేపటికి మూత గలగలలాడింది.

"మావయ్యా! ఆవిరొచ్చింది! ఇంజను కదుల్తోంది!"

డ్రైవర్లు పొట్టలు పట్టుకున్నారు. మావయ్యకైతే నవ్వీ నవ్వీ ఎక్కిళ్ళొచ్చాయి. "ఇలా నవ్వి పదిహేనేళ్ళయిందిరా! లేతు మీదే, పట్టుకుపొండి. జాగ్రత్త, బిగించింది బిగించినట్టే ఉండాలి. ఒక్క బోల్టు కూడా విప్పొద్దు."

మావయ్య డ్రైవర్లని స్టేషను దాకా సాగనంపి వచ్చేసరికి లేతు బండెక్కేసింది. ఒక్క బోల్టూ విప్పలేదు. అది గోడకి బిగించి ఉందిగా, అంతే, గోడ కూడా బండెక్కింది.

"మావయ్యా, తలుపు కూడా ఈ గోడకే ఉంది. తాళంచెవి ఇస్తావా?" అన్నాడు సోమాచారి.