పారిపోయింది ఎవరు?

ఖలీఫాల కాలంలో, టైగ్రిస్ నది ఒడ్డున అబూ వద్దాహ్ అనే గొప్ప తత్వవేత్త ఉండేవాడు. "మనిషంటే ఆత్మే, ఒళ్ళు కాదు. ఆత్మకు చోటు లేదు, కదలిక లేదు" అని ఆయన చెబుతుంటే శిష్యులు మైమరచి వినేవారు. ఇంట్లో మాత్రం బానిసపిల్ల సౌసన్ వీపు చిట్లేలా కొట్టేవాడు. ఏడిస్తే, "కొట్టింది నీ ఒంటినే, నిన్ను కాదుగా!" అని నవ్వేవాడు.

ఒకనాడు సౌసన్ పారిపోయింది. రేవులో పట్టుకుని, తాళ్ళతో కట్టి ఖాజీ ముందుకు ఈడ్చుకొచ్చారు. పారిపోయిన బానిసకు జీవితాంతం సంకెళ్ళే. చూడ్డానికి శిష్యులంతా వచ్చారు.

సౌసన్ కోపంగా అడిగింది. "అయ్యగారూ, సంతలో నోరు తెరిపించి పళ్ళు చూసి, చేతులు పిసికి కొన్నారే, అది నేనేనా?"

ఆయన శిష్యుల వంక చూశాడు. "కాదు. ఒట్టి ఒళ్ళు."

"మరి మీ గడప దాటి పారిపోయిందెవరు? ఆత్మ కదలదంటిరి!"

"ఒళ్ళే," అన్నాడు పళ్ళు కొరుకుతూ.

"విన్నారా ఖాజీగారూ? నన్నాయన కొననూ లేదు, నేను పారిపోనూ లేదు. మరి నాకెందుకండీ సంకెళ్ళు?"

"ఐతే ఆ ఒంటినే నా ఇంటికి పంపండి!"

"తీసుకుపోండి! నేను లేని ఒళ్ళంటే శవమే. దాంతో చాకిరీ చేయించుకోండి!"

ఖాజీ గడ్డం నిమురుకున్నాడు. "పండితవర్యా, మీరు కొన్నది ఈమెనేనని మీ శిష్యుల ముందు ఒక్క మాట చెప్పండి. ఇప్పుడే అప్పగిస్తాను."

అబూ వద్దాహ్ నోరు తెరిచాడు. శిష్యులు ముందుకు వంగారు. ఆయన నోరు మూసుకున్నాడు.

ఖాజీ కట్లు విప్పించగానే సౌసన్, ఆయనకి కూడా సలాము చెయ్యకుండా, చరచరా బయటికి నడిచింది.